మానిటరు పెద్దదే, అక్షరం ఎందుకు అలికినట్టుంది?

ప్రశ్న: బెంగళూరు కంపెనీలో ఉద్యోగం. వారంలో మూడు రోజులు పరిగిలో ఇంటి నుంచే పని చేసుకుంటాను. 14 అంగుళాల ల్యాప్‌టాప్‌ని వంగి వంగి చూసి మెడ పట్టేస్తుంటే 24 అంగుళాల మానిటరు కొన్నాను, వాడిందే. తగిలించగానే బొమ్మ వచ్చింది. కానీ అక్షరాలు లావుగా, తడి చేత్తో అలికినట్టు ఉన్నాయి. సెట్టింగుల్లో రెజల్యూషన్ 1024×768 దాటి పైకి పోవడం లేదు. అమ్మిన చోట అడిగితే, మీ ల్యాప్‌టాప్‌కి అంత శక్తి లేదు, గ్రాఫిక్స్ కార్డు మార్చుకోండి అన్నారు. నిజమా? ఏం చేయాలి?

జవాబు: నిజం కాదు. ముందు ఆ కార్డు సంగతి తేల్చేద్దాం. చాలా ల్యాప్‌టాపుల్లో గ్రాఫిక్స్ చిప్పు ప్రాసెసర్‌లోనే కలిసి ఉంటుంది, లేదంటే మదర్‌బోర్డుకి టంకం వేసి ఉంటుంది. డెస్క్‌టాప్‌లో లాగా ఊడదీసి ఇంకోటి బిగించే వస్తువు కాదది. పైగా గత పదేళ్లలో వచ్చినది ఎంత చౌక ల్యాప్‌టాపైనా 1920×1080 మానిటరుని సులువుగా ఆడిస్తుంది. 24 అంగుళాల మానిటర్లు చాలావాటికి కావలసింది అంతే. కాబట్టి డబ్బు సంచి మూతి అప్పుడే విప్పకండి.

ఈ పరిగి వికారాబాద్ వైపు పరిగి కాదు. హిందూపురం పక్కది, మల్బరీ తోటలది. హిందూపురంలో వేరే పనుండి వెళ్లినప్పుడు అక్కడిదాకా పోయి ఈ మానిటరుని కళ్లారా చూసొచ్చాను. పోకుండా, కూర్చున్నచోటి నుంచే జవాబు రాసి ఉంటే సగం తప్పు రాసేవాణ్ణి.

ముందు తెర సంగతి. ఇప్పటి మానిటరు తెర అంటే చుక్కల మడి. 1920×1080 అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20,73,600 చుక్కలు. 24 అంగుళాల తెర మీద ఒక్కో చుక్క వెడల్పు పావు మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. ఫ్యాక్టరీలో ఎన్ని పెడితే అన్నే. సెట్టింగులు మార్చినంత మాత్రాన అవి పెరగవు, తరగవు. ల్యాప్‌టాప్ 1024×768 బొమ్మ పంపిందంటే అందులో ఉన్నవి 7,86,432 చుక్కలే. ఆ కాస్త బొమ్మనే మానిటరు తన ఇరవై లక్షల చుక్కల మీద పరుచుకోవాలి.

నేను ఇది చెబుతుంటే గడప మీద కూర్చున్న పెద్దాయన, ఈ ప్రశ్న రాసినవారి నాయన, కలగజేసుకున్నారు. చాన్నాళ్లు ధర్మవరంలో మగ్గం నేసిన మనిషి. "అంటే 170 గళ్ల గ్రాఫు తెచ్చి 240 హుక్కుల జాకార్డుకి కట్టమన్నట్టా సామీ?" అన్నారు.

సరిగ్గా అంతే. మగ్గం తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. పట్టుచీర అంచులో నెమలి రావాలంటే ముందు దాన్ని గ్రాఫు కాగితం మీద గీస్తారు. ఒక్కో గడి అంటే పడుగు పోగూ పేక పోగూ కలుసుకునే ఒక్కో చోటు. ఆ గ్రాఫు చూసి అట్టలకి చిల్లులు కొడతారు. చిల్లు ఉన్నచోట హుక్కు లేస్తుంది, దానితో పాటు పోగు లేస్తుంది. లేని చోట లేవదు. 1804లో ఫ్రాన్సులోని లియాన్‌లో జోసెఫ్ మరీ జాకార్డు కుదిర్చిన ఏర్పాటు ఇది. ధర్మవరం మగ్గాల మీద ఉన్న ఆ పరికరం పేరు ఆయనదే.

ఇప్పుడు 170 గళ్ల నెమలిని 240 హుక్కులకి సాగదీయాలి. గడికి ఒకటిన్నర హుక్కు కూడా పూర్తిగా రాదు. సగం హుక్కు అనేది లోకంలో లేదు కాబట్టి కొన్ని గళ్లకి ఒకటి, కొన్నింటికి రెండు కట్టాలి. నెమలి మెడ ఒకచోట సన్నబడి ఇంకోచోట ఉబ్బుతుంది. ల్యాప్‌టాప్ 1366 చుక్కల వరస పంపితే 1920 చుక్కల మానిటరుకి వచ్చే చిక్కు దాదాపు ఇదే లెక్క. మానిటరు ఇంకొంచెం తెలివిగా, సగం సగం పడిన చోట రెండు రంగుల్నీ కలిపేస్తుంది. నల్ల గీతకీ తెల్ల నేలకీ మధ్య బూడిద రంగు పూస్తుంది. మన కంటికి అలుకుడుగా కనిపించేది ఆ బూడిదే. చీరల గ్రాఫులు ఇప్పుడు కంప్యూటరు మీదే గీసుకునేవాళ్లకి ఇది మరీ ముప్పు: ఒక్క చుక్క మందం ఉండాల్సిన గడి గీత ఒకచోట రెండింతలై, ఒకచోట వెలిసిపోతుంది. గళ్లు లెక్కపెట్టడంలో తప్పు పోయారంటే తప్పు మీది కాదు, తెరది.

మరి అక్షరాలు "లావుగా" ఉండడం? అది వేరే లక్షణం, రోగం పట్టించే లక్షణం కూడా. 1024×768 బొమ్మ వెడల్పూ ఎత్తూ 4కి 3 నిష్పత్తిలో ఉంటాయి. మీ మానిటరు 16కి 9. ఆ బొమ్మని ఈ చట్రంలో కూరితే అడ్డంగా మూడో వంతు అదనంగా సాగుతుంది. గుండ్రని సున్నా గుడ్డులా కనిపిస్తే మీ బొమ్మ 4:3 నుంచి సాగి వచ్చిందని చూడగానే చెప్పేయొచ్చు. ఒట్టి మసకే ఉండి సున్నా గుండ్రంగానే ఉంటే 1366×768 గానీ 1280×720 గానీ అయి ఉంటుంది.

పాత గాజు మానిటర్లకి ఈ బాధ ఇంతగా లేదు. వాటిలో ఎలక్ట్రాన్ కిరణం తెర మీద గీతలు గీసుకుంటూ పోయేది. గీతలు కొంచెం దగ్గరగా గీసినా దూరంగా గీసినా సర్దుకునేది. ఇప్పటి పలక తెరకి ఆ సర్దుబాటు గుణం లేదు. దానికి సొంత లెక్క ఒకటే. ఆ లెక్క తప్ప ఏదిచ్చినా అతుకులే.

అయితే అసలు ప్రశ్న మిగిలే ఉంది. మానిటరుకి 1920 చుక్కలున్నాయి, ల్యాప్‌టాప్‌కి పంపే శక్తీ ఉంది. మధ్యలో 1024 ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

ల్యాప్‌టాప్‌కి కళ్లు లేవు. అవతల తగిలించింది 24 అంగుళాల మానిటరో, బడి ప్రొజెక్టరో, హాల్లో టీవీయో దానికి కనబడదు. అవతలిది తన గురించి తాను చెప్పుకోవాలి. అందుకని ప్రతి మానిటరు లోపలా ఒక చిన్న చిప్పులో దాని జాతకం రాసి పెడతారు. ఈడీఐడీ అంటారు దాన్ని. వీసా అనే సంస్థ 1994లో తెచ్చిన ప్రమాణం. (పాస్‌పోర్టు వీసా కాదు, స్క్రీన్ల వాళ్ల సంఘం.) జాతకం అన్నది నవ్వులాటకి కాదు. అందులో మానిటరు ఏ సంవత్సరం, ఏ వారంలో పుట్టిందో నిజంగానే ఉంటుంది. చేసిన కంపెనీకి మూడక్షరాల గుర్తు, తెర పొడవు వెడల్పులు సెంటీమీటర్లలో, తాను తాళగలిగే వేగాలు, తనకి ఏ రెజల్యూషన్ ఇష్టమో, అన్నీ ఉంటాయి. ఇంతా కలిపి 128 బైట్లు. కంప్యూటరులో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు తింటుంది కాబట్టి, 128 బైట్లలో మనం రాయగలిగింది ఒక పొట్టి వాక్యం. కొత్త మానిటర్లకి దీని వెనక ఇంకో 128 బైట్ల తోక ఉంటుంది.

తీగ తగిలించగానే ల్యాప్‌టాప్ ఈ జాతకం అడుగుతుంది. వచ్చిన బైట్లన్నీ కూడి 256తో భాగిస్తుంది. శేషం మిగలకపోతే సరే, మిగిలితే దారిలో ఏదో చెడిందని మొత్తం పక్కన పడేస్తుంది. జాతకం రాకపోయినా, చెడి వచ్చినా ల్యాప్‌టాప్ తెగించదు. తాళలేని వేగం పంపితే పాత గాజు మానిటర్లు పాడయ్యే ప్రమాదం ఉండేది. ఆ భయం కంప్యూటర్ల లోకంలో అలాగే నిలిచిపోయింది. ఎవరైనా తట్టుకోగలిగే 1024×768 దగ్గర ఆగిపోతుంది. మీ ఇంట్లో ఊడిపడిన 1024 ఇదే.

జాతకం వచ్చిందో లేదో కనుక్కోవడం చాలా తేలిక. విండోస్‌లో సెట్టింగ్స్ తెరిచి, సిస్టమ్, డిస్‌ప్లే, కిందికి పోయి అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే. అక్కడ రెండో తెరని ఎంచుకుంటే మానిటరు కంపెనీ, మోడల్ పేరు కనబడాలి. కనబడితే పరిచయాలు అయినట్టే. "జెనరిక్ నాన్ పీఎన్‌పీ మానిటర్" అని ఉంటే మాత్రం, 'ఎవరో వచ్చారు, పేరు చెప్పలేదు' అని దానర్థం. నేను ఎక్కడికి పోయినా మొదట చూసేది ఇదే అని చెప్పుకోవాలని ఉంది గానీ, పరిగిలో మొదట చూసింది ఇది కాదు.

అక్కడ మొదట చూసింది డూప్లికేట్ సంగతి. వందలో ఎక్కువ కేసులు అవే అని నా నమ్మకం. విండోస్ బొమ్మ ఉన్న కీ, పి కీ కలిపి నొక్కితే నాలుగు దారులు చూపిస్తుంది. డూప్లికేట్ అంటే రెండు తెరల మీదా ఒకే బొమ్మ. ఎక్స్‌టెండ్ అంటే రెండూ కలిసి ఒకే పెద్ద బల్ల. సెకండ్ స్క్రీన్ ఓన్లీ అంటే బయటి మానిటరు మాత్రమే. ఇక మొదటిది ల్యాప్‌టాప్ తెర మాత్రమే. చాలామంది తగిలించి, బొమ్మ కనబడగానే సంతోషపడి డూప్లికేట్‌లోనే ఉండిపోతారు. ఒకే బొమ్మ రెండు చోట్ల ఆడాలంటే ఇద్దరికీ కుదిరే లెక్క ఒకటి వెతకాలి కదా. తక్కువ చుక్కలున్న దాని స్థాయికే బొమ్మ దిగుతుంది.

మీ ల్యాప్‌టాప్ తెర 1366×768. ఈ అంకెకి ఒక వింత చరిత్ర ఉంది. 768 ఎత్తుకి 16:9 వెడల్పు లెక్కేస్తే 1365.33 వస్తుంది. మూడో వంతు చుక్క ఉండదు కాబట్టి 1366 చేశారు. అయితే జాతకంలో మామూలు రెజల్యూషన్లు రాసే గళ్లు మరీ చిన్నవి. అక్కడ వెడల్పుని ఎనిమిదితో భాగించి రాస్తారు. 1366ని ఎనిమిది నిశ్శేషంగా భాగించదు. అంటే ఆ గళ్లలో 1366 అని రాయడానికే వీల్లేదు! చాలా మానిటర్లు తమ జాబితాలో దాన్ని చెప్పకపోవడానికి ఇదొక కారణం. అప్పుడు ఇద్దరికీ కలిసే అంకె ఇంకా కిందికి, 1280×720కో 1024×768కో జారిపోతుంది. ల్యాప్‌టాప్ తెర మీదా మసకే, మానిటరు మీదా మసకే. డూప్లికేట్‌లో ల్యాప్‌టాప్ సొంత తెర కూడా అలుక్కుపోయిందంటే దొంగ దొరికినట్టే.

పరిగి ఇంట్లో డూప్లికేటే ఉంది. పట్టేశాను అనుకున్నాను. ఎక్స్‌టెండ్ నొక్కాను. ల్యాప్‌టాప్ తెర తళుక్కుమని బాగుపడింది. మానిటరు మాత్రం 1024 దగ్గరే భీష్మించుకు కూర్చుంది. ఉత్తరంలోనే జవాబు రాసి ఉంటే ఇక్కడితో "సమస్య తీరింది" అని ముగించేవాణ్ణి. మగ్గం పని తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు. పడుగులో ఒక ముడి విప్పితే కింద ఇంకోటి ఉంటుంది.

అప్పుడు చూశాను అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే. పేరు చెప్పని అతిథే. చూపు తీగ మీదికి పోయింది. ల్యాప్‌టాప్‌కి ఉన్నది ఎచ్‌డీఎంఐ రంధ్రం. దానికి తోకలాంటి ఒక అడాప్టరు, దాని చివర నీలం మూతి వీజీఏ తీగ, అది మానిటరుకి. వీజీఏ అంటే ఐబీఎం 1987లో పీఎస్/2 కంప్యూటర్లతో తెచ్చిన పద్ధతి. మూడు వరసల్లో పదిహేను పిన్నుల చోట్లు ఉంటాయి. వాటిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకి మూడు, తాళం పట్టి ఉంచడానికి రెండు. బొమ్మ రావడానికి ఇవీ, వీటికి నేల తీగలూ చాలు. జాతకం మోసేవి 12, 15 నంబరు పిన్నులు. బొమ్మకీ వాటికీ సంబంధం లేదు. తీగ చేసేవాడు రాగి మిగుల్చుకోవాలంటే ఆ రెండూ ఎగ్గొట్టినా బొమ్మ వస్తుంది, కొన్నవాడికి తెలీదు.

తీగ ఊడదీసి ఫోను టార్చి వేసి చూశాం. పెద్దాయన కళ్లజోడు సవరించుకుని పోగులు లెక్కపెట్టే అలవాటుతో పిన్నులు లెక్కపెట్టారు. "మూడు లేవు సామీ." నడిమి వరసలో ఒకటి లేదు. అది తొమ్మిదోది, అది లేకపోవడం మామూలే, చాలా మంచి తీగల్లోనూ ఉండదు. ఇరుకువైపు వరసలో ఒక కొస నుంచి రెండోది, ఇంకో కొసన ఉండేది లేవు. 12, 15. జాతకం మోసే కూలీలు ఇద్దరూ పనిలోకే రాలేదన్నమాట.

ఇంకో వీజీఏ తీగ తెప్పించుకుంటే చాలు అని చెబుతూ మానిటరుని వెనక్కి తిప్పాను. అక్కడ, వీజీఏ పక్కనే, రక్షణ ప్లాస్టిక్ బిళ్ల కూడా తీయని ఎచ్‌డీఎంఐ రంధ్రం! మానిటరుతో పాటు చేతికి దొరికిన తీగ వీజీఏది కాబట్టి, దానికోసం అడాప్టరు కొని, ఇన్ని రోజులు దాంతోనే నెట్టుకొచ్చారు. హాల్లో సెట్‌టాప్ బాక్సుకి ఉన్న ఎచ్‌డీఎంఐ తీగని, సీరియల్ టైముకి తిరిగి పెట్టేస్తామని ఇంటావిడకి మాటిచ్చి, పీక్కొచ్చి తగిలించాం. పేరు వచ్చింది. 1920×1080 పక్కన "రికమెండెడ్" అని కూడా వచ్చింది. సున్నా గుండ్రంగా నిలబడింది.

పాఠకుల్లో మిగతావాళ్లకి తీగ బాగానే ఉండి, డూప్లికేట్ కాకుండా ఉండి కూడా రెజల్యూషన్ పైకి పోకపోవచ్చు. అప్పుడు చూడాల్సింది డ్రైవరు. విండోస్ మళ్లీ ఎక్కించిన ల్యాప్‌టాపుల్లో ఇది తరచుగా జరుగుతుంది. డివైస్ మేనేజర్ తెరిచి డిస్‌ప్లే అడాప్టర్స్ అన్న వరస విప్పండి. ఇంటెల్, ఏఎండీ, ఎన్‌విడియా పేర్లలో ఏదో ఒకటి ఉండాలి. "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంటే గ్రాఫిక్స్ చిప్పు భాష తెలిసినవాడు ఇంట్లో లేడని అర్థం. అది ఊరికే బండి కదలడానికి పెట్టుకున్న తాత్కాలికపు డ్రైవరు. రెండో తెరని విడిగా ఆడించడం దానివల్ల కాదు. విండోస్ అప్‌డేట్‌లో ఆప్షనల్ అప్‌డేట్స్ చూడండి. లేదా ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరుతో కంపెనీ సొంత సైటుకి పోయి గ్రాఫిక్స్ డ్రైవరు దించుకోండి. ఎక్కించాక ఒకసారి ఆపి మళ్లీ వేయండి. 'అన్ని డ్రైవర్లూ ఒక్క క్లిక్కుతో' అని ఊరించే సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం పోకండి. ఒక తెగులు పోగొట్టబోయి పది తెచ్చుకున్నవాళ్లని చూశాను.

"27 అంగుళాల 2560×1440 మానిటరు కొన్నాను, 1920×1080 దగ్గర ఆగింది" అనీ, "4కే వచ్చింది గానీ మౌసు బురదలో నడిచినట్టుంది" అనీ రాసేవాళ్లది ఇంకో రకం చిక్కు. ఇది పైపు లావుకి సంబంధించింది. బోరులో నాలుగు అంగుళాల నీళ్లు పడినా అర అంగుళం పైపు వేస్తే వచ్చేది అర అంగుళమే. 1920×1080 బొమ్మని సెకనుకి 60 సార్లు పంపాలంటే నిజానికి 1920 కాదు, 2200 అడ్డం, 1125 నిలువు చొప్పున పంపుతారు. పొలం దున్నేటప్పుడు గెనిమ దగ్గర ఎద్దుల్ని తిప్పుకోవడానికి కాస్త జాగా వదలాలి కదా, అలాగే పాత గాజు తెరల్లో కిరణం ఒక కొస నుంచి మళ్లీ మొదటికి తిరిగి రావడానికి వదిలిన జాగా అది. కిరణం పోయింది, జాగా మిగిలింది. లెక్క కడితే 2200ని 1125తో, దాన్ని 60తో గుణించాలి. సెకనుకి 14 కోట్ల 85 లక్షల చుక్కలు. 2002 డిసెంబరులో వచ్చిన మొదటి ఎచ్‌డీఎంఐ 16.5 కోట్ల దాకా మోయగలదు. అందుకే 1920×1080కి ఎంత పాత తీగైనా ఆడుతుంది. 2560×1440కి, ఆ ఖాళీ జాగా కుదించినా 24.15 కోట్లు కావాలి. మొదటి తరం పైపు చాలదు. 4కే, అంటే 3840×2160ని సెకనుకి 60 సార్లు పంపాలంటే 59.4 కోట్లు. 2009లో వచ్చిన ఎచ్‌డీఎంఐ 1.4 మోసేది 34 కోట్లే. కాబట్టి అది 60 కాకుండా సెకనుకి 30 సార్లే పంపి సరిపెడుతుంది. మౌసు బురదలో నడవడం ఇదే. 2013లో వచ్చిన 2.0తో గానీ 4కే పూర్తి వేగం అందుకోలేదు.

ఇక్కడ మెలిక ఏమిటంటే పైపు ఒక్క తీగే కాదు. ల్యాప్‌టాప్ రంధ్రం, మధ్యలో అడాప్టరు, తీగ, మానిటరు రంధ్రం, నాలుగింటిలో ఏది సన్నగా ఉంటే లెక్క దానిదే. ఖరీదైన తీగ కొని చౌక అడాప్టరు పెట్టుకుంటే దండగ. యూఎస్‌బీ-సి రంధ్రం ఉన్నవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. ఆ ఆకారంలో ఉన్న ప్రతి రంధ్రం నుంచీ బొమ్మ రాదు. కొన్ని చార్జింగుకీ ఫైళ్లకీ మాత్రమే. పక్కన మెరుపు గుర్తో, డిస్‌ప్లేపోర్ట్ వాళ్ల డి-పి గుర్తో ఉంటే నమ్మొచ్చు. దానికి తగిలించే హబ్బుల్లో చౌకవి 4కే దగ్గర 30 సార్లే ఇస్తాయి. పెట్టె మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది.

టీవీని మానిటరుగా వాడేవాళ్లకి ఒక చేదు మాట. 32 అంగుళాల "ఎచ్‌డీ రెడీ" టీవీలు చాలావాటి లోపల ఉన్న తెర 1366×768దే. అవి 1920×1080 బొమ్మ తీసుకుంటాం అని జాతకంలో రాసుకుంటాయి, తీసుకుని లోపల కుదించి చూపిస్తాయి. సెట్టింగుల్లో అంకె బాగుంటుంది, అక్షరం బాగుండదు. సినిమాకి పర్వాలేదు, ఎక్సెల్ షీటుకి పనికిరాదు. దానికి మందు లేదు. టాస్క్‌బార్ తెర అంచు కింద సగం దాక్కుంటే మాత్రం మందుంది. టీవీ మెనూలో పిక్చర్ సైజు దగ్గర జస్ట్ స్కాన్, స్క్రీన్ ఫిట్ లాంటి పేరుతో ఉంటుంది, అది పెట్టండి. టీవీలు పాత ప్రసారాల అలవాటు కొద్దీ నాలుగు అంచులూ కాస్త కత్తిరించి చూపిస్తాయి, అంతే.

బడుల్లోని పాత ప్రొజెక్టర్లు చాలావాటి సొంత లెక్కే 1024×768. అక్కడ ఆ అంకె కనిపిస్తే కంగారు పడకండి, అదే సరైనది.

కరెంటు పోయి వచ్చాక బొమ్మ చెడిందని కొందరంటారు. మన వైపు వేసవిలో ఇది మామూలు. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కాబట్టి అది మేలుకునే ఉంటుంది, మానిటరు మాత్రం పడుకుని లేస్తుంది. ఇది లేచే లోపే అది జాతకం అడిగేసి, జవాబు రాక, కింది లెక్కకి దిగిపోయి ఉండొచ్చు. మానిటరు ప్లగ్గు తీసి రెండు నిమిషాలాగి పెట్టండి. అది పూర్తిగా వెలిగాక ఎచ్‌డీఎంఐ తీగ పీకి మళ్లీ గుచ్చండి. మళ్లీ అడుగుతుంది, ఈసారి జవాబొస్తుంది. ల్యాప్‌టాప్ చార్జరూ మానిటరూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద, ఎర్తింగ్ సరిగా ఉన్న సాకెట్టులో పెట్టుకోండి. తీగ గుచ్చేటప్పుడు చేతికి జిల్లుమని తగిలితే అది ఎర్తింగ్ లేదన్న కబురు. రెజల్యూషన్ కంటే ముందు దాన్ని చూపించుకోవాలి.

చివరిగా పెద్దవాళ్ల సంగతి. అంతా సరిచేసి 1920×1080 పెట్టి వస్తుంటే పెద్దాయన తెర దగ్గరికి వచ్చి, "బాగుంది గానీ అక్షరం చిన్నదైపోయె, నాకు ఇందాకటిదే నయం" అన్నారు. ఇది చాలా ఇళ్లలో జరిగేదే. అక్షరం పెద్దది కావాలని రెజల్యూషన్ తగ్గించేస్తారు. మసక అక్షరాన్ని కంటికి దగ్గర చేసుకున్నట్టు అవుతుంది అది. రెజల్యూషన్ ముట్టుకోకుండా, దాని పైనే ఉన్న స్కేల్ అన్నదాన్ని 125 శాతమో 150 శాతమో చేయాలి. ఆయన భాషలోనే చెప్పాను: రెజల్యూషన్ తగ్గించడం అంటే దొడ్డు పోగుతో నేయడం, స్కేల్ పెంచడం అంటే అదే సన్న పోగుతో ఇంకా పెద్ద బుటా వేయడం. 125 పెట్టి చూపించాను. "ఇదీ పని" అన్నారు. మ్యాక్ వాళ్లకి ఈ రెండూ కలగలిసి ఒకే చోట ఉంటాయి. డిస్‌ప్లేస్‌లో అడ్వాన్స్‌డ్ లోపల, రెజల్యూషన్లు జాబితాగా చూపించమని ఒక మీట ఉంటుంది, అది వేసుకుంటే అంకెలు విడిగా కనబడతాయి.

ఇంకా కుదరనివాళ్లు రాయండి. "రెజల్యూషన్ తక్కువ వస్తోంది" అని ఒక్క ముక్క రాస్తే మాత్రం నేను మళ్లీ బస్సెక్కాల్సిందే. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో మానిటరు పేరు ఏం చూపిస్తోందో, డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ పేరేమిటో, రెండు చివర్లా రంధ్రాలు ఏ రకమో, మధ్యలో ఏముందో రాయండి. వీజీఏ తీగ అయితే పిన్నులు లెక్కపెట్టి మరీ రాయండి.